ఫోను వెనక ముఖం

హుమ్నాబాద్ వెళ్లే బస్సులో పొద్దుటిపూట సీటు దొరకడమే గొప్ప. ఆ రోజు కిటికీ పక్కనే దొరికింది. పుస్తకం తెరిచాను. నేను బస్సులో చదువుతాను, రేషను క్యూలో చదువుతాను, పెళ్లి భోజనాల దగ్గర ముందు బంతి లేచేదాకా నిలబడి కూడా చదువుతాను. నలుగురూ నవ్వుతారు, నవ్వనీ. పేజీ తిప్పానో లేదో, ముందు సీట్లోంచి ఒక గొంతు వినిపించింది.

"ముందుగాల చేతులు తుడుచుకో తల్లీ. తప్పు మిషన్‌దా నీదా తర్వాత చూద్దాం."

నా వేలు పేజీ మీదే ఆగిపోయింది. ఆ గొంతు గల మనిషి పోయిన వానాకాలంలో చనిపోయాడు. సమాధుల తోటలో గొడుగు పట్టుకొని నిలబడ్డవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ముందు సీట్లో ఒకామె కూర్చుని ఉంది. ఒళ్లో చేతిసంచి, చేతిలో ఫోను, ఫోనులో ఆయన. తెల్ల చొక్కా, మొహాన పౌడరు, కాలరుకు గుచ్చిన సూది. ఎదురుగా ఒక నల్ల కుట్టుమిషను. మెడ కాస్త వంచి, కెమెరాకు కాస్త పక్కగా, ఎవరినో చూసి నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఎవరిని చూసి వస్తున్నదో బస్సులో నాకొక్కడికే తెలుసు.

ఆయన బీదర్‌లో ఒక కుట్టుమిషన్ల దుకాణంలో మెకానిక్కు. ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్టులో నేను పనిచేసేవాణ్ణి. మధ్యలో రోడ్డు, రోడ్డు పక్కన చాయ్ బండి. మా స్నేహమంతా ఆ బండి దగ్గరే. ఆ పూట చదివింది నేను చెప్పేవాణ్ణి, ఆ పూట విప్పింది ఆయన చెప్పేవాడు. మా ఊరి గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలన్నీ కలిపి ఒక బీరువాకు సరిపోతాయి. ఆ బీరువా మొత్తం చదివేశాను. ఆ తర్వాత పక్క బీరువా కోసం కన్నడ కూడబలుక్కున్నాను. ఈ సంగతి ఎవరికి చెప్పినా "మంచిదే" అని ఊరుకుంటారు. ఆయన మాత్రం చాయ్ సాసర్లో పోసుకుంటూ, "అయితే దుమ్ము దులిపే పని తప్పింది వాళ్లకు" అన్నాడు. నా చదువుకు అంతకంటే మంచి బిరుదు ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.

మిషను చెడిపోయింది అనే మాట ఆయన నోట రాదు. అలిగింది అనేవాడు. జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు మిషను మెడ మీద అరచెయ్యి ఆనించేవాడు. చక్రం మెల్లగా ఒకసారి తిప్పి కళ్లు మూసుకునేవాడు. "గొంతు ఎండుకపోయింది దీనికి" అనేవాడు. లేకపోతే, "దీని మీద ఎవరో తిట్టుకుంట కుట్టిండ్రు" అనేవాడు. ఈ రెండో మాటకు ఒకసారి మిషను తెచ్చినామె తల వంచుకొని, "అత్తతోని పంచాయితీ అయింది మామా" అని ఒప్పేసుకుంది. ఆమె వెళ్లాక అడిగాను, అదెలా తెలిసింది అన్నా అని.

"తెలుసుడేంది తమ్మీ. తిట్టుకోకుండ కుట్టే ఇల్లు యాడుంది?"

వినయం ఆయనకు బొత్తిగా లేదు. తాను పట్టిన మిషనును ఇంకో మెకానిక్కు ముట్టుకుంటే అది పౌరుషానికి సూది విరగ్గొట్టుకుంటుందని నమ్మకంగా చెప్పేవాడు. నూనె పనికి తెల్లచొక్కా ఎందుకన్నా అంటే, "మరక పడితే నేను మెకానిక్కునే కాదు" అనేవాడు. మరక పడేది. పడిన రోజు అటువైపు చెయ్యి అడ్డం పెట్టుకొని సాయంత్రందాకా తిరిగేవాడు. కాలరుకు మాత్రం ఎప్పుడూ ఒక కొత్త సూది ఉండేది. దారిలో ఏ ఆడమనిషైనా "మామా, సూది ఇరిగింది" అంటే చాలు, అక్కడికక్కడే తీసి చేతిలో పెట్టేవాడు.

దుకాణం పని సగం, ఊళ్ల పని సగం. సంచిలో స్క్రూడ్రైవర్లు, నూనెడబ్బా, పాత చీర ముక్క వేసుకొని మోపెడ్ మీద బయలుదేరేవాడు. ఒకనాడు మన్నాఏఖేళ్ళి, ఒకనాడు హుమ్నాబాద్ పక్క ఊళ్లు, ఒకనాడు కమలనగర్ దాకా. మోపెడ్ చప్పుడు వినగానే ఇళ్లలో మిషన్ల మీది బట్టలు తీసేవాళ్లట. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆయన మీసం దువ్వుకునేవాడు. మీసం పెద్దదేమీ కాదు, అయినా దువ్వుకునేవాడు.

ఆయనతో రెండుసార్లు నేనూ ఆ ఊళ్లకు వెళ్లాను. అప్పుడే ఒక సంగతి గమనించాను. మూడు రాష్ట్రాల అంచున ఉన్న మా బీదర్‌లో భాష ఎదుటి ముఖాన్ని బట్టి నోట్లోకి వస్తుంది. అందరికీ అంతే, కానీ ఆయనలో అది మనిషినే మార్చేసేది. దుకాణం సేటుతో ఉర్దూ మాట్లాడితే కుడిచెయ్యి గుండె మీదికి వెళ్లేది, వాక్యం చివర మర్యాద వేలాడేది. కమలనగర్ దాటాక మరాఠీలో గొంతు ఒక మెట్టు పైకెక్కేది. కన్నడ ఆయన బడిలో నేర్చుకున్నాడు, అందుకని కన్నడ మాట్లాడేటప్పుడు హెడ్మాస్టరు ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకునేవాడు. తెలుగు ఇంటి భాష, చర్చి భాష. పరాచికాలన్నీ తెలుగులోనే. ఒకే వాకిట్లో నలుగురు ఆడవాళ్లు నాలుగు భాషల్లో అడుగుతుంటే, ఎవరి ముఖం వైపు తిరిగితే వాళ్ల మాట వచ్చేది. ఒక్కసారి కూడా తడబడలేదు. నేను కన్నడ కోసం ఎంత తంటాలు పడ్డానో గుర్తొచ్చి, ఇంటికొచ్చి ఆ రోజు పుస్తకం తెరవలేదు.

తర్వాత మోకాలు మొరాయించింది. మోపెడ్ కిక్కు కొట్టవద్దు, గుంతల రోడ్ల మీద తిరగవద్దు అన్నాడు డాక్టరు. సేటు మంచివాడే, దుకాణంలో స్టూలు వేసి కూర్చోబెట్టాడు. పని ఉంది, జీతం ఉంది. ఊళ్లు మాత్రం పోయాయి.

మొదట్లో ఫోన్లు వచ్చేవి. "మామా, ఎప్పుడొస్తవు?" అని ఊరూరినుంచీ. "వస్త, వస్త. కాలు జర మంచిగ కానియ్యి" అనేవాడు. ఆ ఫోన్లు పలచబడ్డాయి. ఊళ్లో ఆడవాళ్లు ఎన్నాళ్లని ఎదురుచూస్తారు, మిషను మీద బట్ట కప్పేసి కూలికి పోయేవాళ్లు. ఒకరోజు చాయ్ తాగుతూ ఫోను నా ముందు పెట్టాడు.

"తమ్మీ, ఒక్క రింగియ్యి దీనికి."

ఇచ్చాను. మోగింది.

"మోగుతాంది" అన్నాడు. మోగకపోయి ఉంటే బాగుండునన్నట్టు అన్నాడు.

మరునాడు కూడా అదే మాట. ఆ తర్వాత నాకు అలవాటైపోయింది. చాయ్ చేతికి రాగానే ఆయన నంబరు నొక్కేవాణ్ణి. మోగేది. తలూపి జేబులో పెట్టుకునేవాడు. మోకాలి నొప్పి గురించి ఆయన ఎప్పుడూ బాధపడగా చూడలేదు. ఆ ఊళ్లలో తన్ను మరిచిపోతున్నారన్నదే ఆయన్ని కొరికేది.

చానల్ ఆలోచన నాది కాదు, ఆయనదే. చాయ్ బండి దగ్గర ఎవరో ఫోనులో ఒక కుట్టుమిషను వీడియో చూపించారు. అందులో ఒకతను గడగడ మాట్లాడుతూ మిషనును సుత్తితో తడుతున్నాడు. ఈయన అది చివరిదాకా చూడలేకపోయాడు. "పోలీసోడు దొంగను కొట్టినట్టు కొడుతుండు గదా" అన్నాడు. చాయ్ సాసరు కింద పెట్టి, "నేను పోలేకుంటే ఏమాయె, నా మొఖం పోతది గదా ఊళ్లకు" అన్నాడు.

ఖర్చు పెట్టే స్తోమతు లేదు, కాబట్టి ఉన్నవాటితోనే అన్నీ అమర్చాడు. ఫోను పాతదే, అద్దం మీద సాలెగూడులాంటి చీలిక. స్టాండుకు బదులు కాలితో తొక్కే పాత మిషను ఇనప చట్రం, దాని మీద ఇటుక, ఇటుకకు బట్టలారేసే క్లిప్పులతో ఫోను. లైటు కోసం మిషనుకు ఉండే చిన్న బల్బు. చెవిలో పెట్టుకునే వైరు తీసుకొని మైకుగా కాలరు లోపల సన్నగా కుట్టేశాడు. ఆ కుట్టు చూస్తే ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. పేరు పెట్టే పని నాకప్పగించాడు. నేను రెండు రోజులు ఆలోచించి, "కుట్టుయంత్ర నిర్వహణ: మెళకువలు, సూచనలు" అని కాగితం మీద అందంగా రాసి తెచ్చాను. ఆయన కూడబలుక్కొని చదివాడు.

"తమ్మీ, ఇది చదివేసరికి దారం అయిపోతది."

చివరికి 'అలిగిన మిషన్' అని పెట్టుకున్నాం.

దుకాణానికి శుక్రవారం సెలవు. ఆ పొద్దున వాళ్లింటి ముందు వరండాలో మొదటి షూటింగు. పౌడరు అయింది, సూది అయింది. నేను ఫోను మీద వేలు పెట్టి "కానీ అన్నా" అన్నాను. ఆయన నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉంది. మాట రాలేదు.

మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి "నమస్కార" అని కన్నడలో చేతులు కట్టుకున్నాడు, వెంటనే చెయ్యి గుండె మీదికి వెళ్లింది, "ఆదాబ్" అన్నాడు, ఆ తర్వాత బిక్కమొహం వేసి నావైపు చూశాడు.

"ఎవరితోని మాట్లాడాలె? దీనికి మొఖమే లేదు గద తమ్మీ."

నాకు అప్పుడు అర్థమైంది. ముఖం లేనిదే ఆయనకు భాష రాదు. రేడియో రోజుల గురించి బీరువాలో ఒక పాత పుస్తకం ఉంది, అందులో చదివాను. మైకు ముందు కూర్చునేవాళ్లు తమకు తెలిసిన ఎవరో ఒకరిని మనసులో ఎదురుగా కూర్చోబెట్టుకొని మాట్లాడేవాళ్లట. ఆ సంగతి కాస్త గర్వంగానే చెప్పాను. ఆయనకు నచ్చింది. మనసులో కాదు, నిజంగానే కూర్చోబెడదాం అన్నాడు. ముందు నన్ను నిలబెట్టాడు. నా ముఖం చూస్తే పుస్తకాల సంగతులే వస్తున్నాయని తీసేశాడు. క్యాలెండరులో ఒక పాప బొమ్మ ఉంటే అది తగిలించాం. పాపతో ముద్దు మాటలు మాట్లాడాడు, అవి మిషనుకు పనికిరాలేదు.

"వదిన ఫొటో పెడదామా?" అన్నాను.

"ఆమె ముంగల నేను మాట్లాడింది యాడిది? ఇనుడే గద."

ఆ మాట లోపలికి వినపడింది కాబోలు, వదిన చేటలో బియ్యం పోసుకొని బయటికి వచ్చింది. వచ్చి ఫోను వెనక, గడప మీద కూర్చుంది. రాళ్లు ఏరడం మొదలుపెట్టి, తలెత్తకుండానే అంది.

"ఏమైందయ్యా, నోరు పడిపోయిందా? పొద్దుగాల లేచిన కాడికెళ్లి నా నెత్తి తింటవు గద."

"పని చేసుకుంటున్న. నడుమ రాకు."

"పనా? ఆ మూలకు నా మిషన్ దుప్పటి కప్పుకొని పండుకున్నది, అది కనపడ్డదా ఎన్నడన్న? ఊళ్లెల్ల డాక్టరువు, ఇంట్ల రోగం కనపడదు."

అది నిజం. ఆ ఇంట్లో ఒక కుట్టుమిషను ఉంది. దాని మీద బైబిలు, టిఫిను డబ్బా, ఇస్త్రీ బట్టలు ఉండేవి. దాన్ని కుట్టుమిషను అని గుర్తుపట్టాలంటే కిందికి వంగి కాళ్లు చూడాల్సిందే. ఆయన మొహం ఎర్రబడింది. అయినా లేచి వెళ్లి, మిషను తలకాయ ఎత్తుకొచ్చి ఎదురుగా పెట్టాడు. దుప్పటి తీశాడు. చక్రం తిప్పబోతే కదల్లేదు. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూశాడు.

"ఏం నూనె పోసినవే దీంట్ల?"

"ఇంట్ల ఏముంటే గదే. కొబ్బరినూనె."

"తలకాయకు పెట్టేది మిషన్‌కు పోస్తవా? దీనికేమన్న జడ ఎయ్యాల్నా?"

"చలికాలం పొద్దుగాల గట్టిగుంటది, ఎండ పడితే నడుస్తది. చలి పెడుతుందేమో అని దుప్పటి కప్పిన."

ఆయన ఒక నిమిషం ఆమెను చూశాడు. కోపం వచ్చినవాడికి నవ్వొస్తే ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. తర్వాత అరచెయ్యి మిషను మెడ మీద పెట్టాడు. "చలి దీనికి కాదే, నూనెకు. కొబ్బరినూనె చలికి గడ్డకడతది. లోపట గొంతుకు అడ్డం పడ్డది. ఇగో చూడు" అని మొదలుపెట్టాడు. ఇక ఆగలేదు. మోపెడ్ తిరగక ట్యాంకులో మిగిలిపోయిన పెట్రోలు కాస్త సీసాలోకి తీసుకొచ్చి, పొయ్యి దగ్గర ఈ పని చెయ్యొద్దని వదినకు రెండుసార్లు చెప్పి, సందుసందులో చుక్క చుక్క వేశాడు. పాత చీర ముక్కతో తుడిచాడు. వదిన "ఆ పక్క కనపడ్తలేదు, జర ఇటు తిప్పు" అంటుంటే తిప్పాడు. "గా పురుగు లెక్క ఉన్నదేంది?" అంటే, "పురుగు కాదు, నీ పదేండ్ల దారం పోగులు" అన్నాడు. చివరికి మిషను నూనె వేసి చక్రం తిప్పితే సన్నగా టకటక మొదలైంది. వదిన చేట పక్కన పెట్టి లేచి నిలబడింది.

"నడుస్తాంది" అంది. అంతే అంది, కానీ అన్న తీరు వేరు.

అప్పటికి ఆయన ఫోను సంగతి మరిచిపోయాడు. నేను మరవలేదు. మొదటినుంచీ నా వేలు దాని మీదే ఉంది.

ఆ వీడియో ఎలా పాకిందో నాకు తెలియదు. మన్నాఏఖేళ్ళి చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా మిషనులో కొబ్బరినూనె, మిషను మీద దుప్పటి. ఆ తప్పు మా పక్క వాళ్లది, వేరే వాళ్లు చేసినా ఇంత ప్రేమగా దుప్పటి కప్పరు. ప్రతి ఒక్కరికీ తమ ఇల్లే కనబడింది. చూసినవాళ్లు పక్కింటికి చూపించారు. ఒకామె కమలనగర్ నుంచి మరాఠీలో మాట పంపింది. నీ భాష నాకు తెలియలేదు మామా, నీ చెయ్యి తెలిసింది అని. ఆయన దాన్ని చాయ్ బండి దగ్గర అందరికీ వినిపించాడు, మీసం దువ్వుకుంటూ.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం వరండాలో షూటింగు. ఫోను వెనక గడప మీద వదిన. ఒక వారం బియ్యం, ఒక వారం చింతపండు, ఒక వారం మెంతికూర. ఆమె ముఖం ఏ వీడియోలోనూ ఉండదు, గొంతు అన్నింటిలోనూ ఉంటుంది. "గంత జల్ది చేస్తే మాకెట్ల తెలుస్తది?" అని ఆమె కసిరితే, ఆయన మళ్లీ మెల్లగా చేసి చూపించేవాడు. సూదికి ఒక పక్క చదునుగా ఉంటుంది, అది తిరగబడితే కుట్టు ఎలా తప్పుతుందో చెప్పాడు. దారం ఎక్కించేటప్పుడు, బట్టను అదిమిపట్టే మిషను పాదం ఎందుకు ఎత్తాలో చెప్పాడు. సేటు ఒకరోజు పిలిచి, అన్నీ చెప్పేస్తే నేను దుకాణంలో ఈగలు తోలుకోవాలా అని ఉర్దూలో అడిగాడు. ఈయన చెయ్యి గుండె మీదికి వెళ్లింది. సూదులు విరగకుండా కుట్టడం ఇంకా చెప్పలేదు సేట్, మీరు సూదులు తెప్పించి పెట్టుకోండి అని అదే ఉర్దూలో, అంత మర్యాదగా జవాబిచ్చాడు. సేటు నవ్వేసి సూదులు తెప్పించాడు.

అంతా బాగుందనుకునే రోజుల్లో మన్నాఏఖేళ్ళి నుంచి ఒక ఫోను వచ్చింది. చేసినామె ఆయన పాత బేరం, ఎన్నో ఏళ్లుగా ఆమె మిషను చూసింది ఆయనే. స్పీకరు పెట్టుకొని మాట్లాడుతున్నాడు కాబట్టి చాయ్ బండి దగ్గర నేనూ విన్నాను.

"మామా, నువ్వు చెప్పినట్టే చేసిన. మంచిగ నడుస్తాంది. ఇగ నువ్వు రాకున్న ఫర్వాలేదు."

"మంచిదమ్మా" అన్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. చాయ్ సాసర్లో పోసుకున్నాడు కానీ తాగలేదు. నేను అలవాటుగా రింగివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దులే తమ్మీ. మోగినా ఇదే మాట. నన్ను పిల్వకుండ నేనే నేర్పిస్తున్న ఊరందరికి."

ఆ శుక్రవారం షూటింగు లేదు. తర్వాతి శుక్రవారమూ లేదు. ఇనప చట్రం గోడవైపు తిరిగింది, ఇటుక చెట్టు మొదట్లోకి పోయింది. మిషన్లకు ఆయన పెట్టిన మాట ఆయనకే సరిపోయింది, అలిగాడు. నేను వెళ్లి, జ్ఞానం పంచితే తరగదని ఎన్ని పుస్తకాల్లో చదివానో చెప్పాను. చాలా బాగా చెప్పానని నాకే అనిపించింది. ఆయన గోడ మీది బల్లిని చూస్తూ విన్నాడు.

వదిన లోపలినుంచి చేటతో వచ్చింది. గడప మీద, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది.

"మన్నాఏఖేళ్ళి ఆమె ఏమన్నది, మళ్లొక్కసారి చెప్పు."

"ఏమున్నది. నేను రాకున్న ఫర్వాలేదన్నది."

"మిషన్ నడుస్తుంటే ఆమె కుట్టుకోవాలె గద. నీకెందుకు చేసినట్టు ఫోను?"

ఆయన చూపు బల్లి మీంచి గడప వైపు దిగింది.

"అలిగినప్పుడు చేసుడు ఎవరన్న చేస్తరు. నడిచినప్పుడు చేసింది సూడు ఆమె" అంది వదిన, ఒక రాయి తీసి వాకిట్లోకి విసిరేసి. "నాకైతే గిన్నేండ్లల్ల, మిషన్ నడుస్తాంది అని చెప్పుకుందామంటె ఇంట్ల మనిషే దొరకకపోయె."

ఆయన చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత నన్ను ఇటుక తెమ్మన్నాడు.

ఆ రోజు వీడియో చివర ఒక కొత్త మాట వచ్చింది. మిగతా చానళ్లవాళ్లు గంట నొక్కండి, పంచండి అని అడుగుతారు. ఆయన పలక మీద సుద్దతో తన నంబరు రాసి, గుండెకు ఆనించి పట్టుకున్నాడు. "నడిస్తే ఒక్క ఫోన్ చెయ్యి తల్లీ. మాట్లాడకున్న మంచిదే. మిషన్ చప్పుడు ఇనిపియ్యి, చాలు."

ఇక మొదలైంది. చాయ్ బండి దగ్గర ఫోను తీస్తే టకటక. దుకాణంలో తీస్తే టకటక. హలో లేదు, పేరు లేదు, ఉత్త మిషను చప్పుడు. ఆయన కళ్లు మూసుకొని వినేవాడు. "బెల్టు జర వదులున్నది" అనేవాడు. "శానా మంచిగున్నది, లంగా కుడుతున్నవా?" అనేవాడు. అవతల ఎవరో కిలకిల నవ్వేవాళ్లు. ఎక్కడెక్కడినుంచో చేసేవాళ్లు, ఆయన ఎన్నడూ చూడని ఊళ్లనుంచి కూడా. నేను రింగివ్వడం మానేశాను. ఇద్దామన్నా లైను దొరికేది కాదు.

ఒక ఆదివారం చర్చిలో మౌన ప్రార్థన. చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. ఆయన జేబు మోగింది. కంగారులో ఆపబోయి స్పీకరు నొక్కాడు. గుడి నిండా టకటకటక. అయ్యగారు కళ్లు తెరిచారు. అందరూ తెరిచారు. ఈయన ఫోను గుండెకు అదుముకొని కుంటుతూ బయటికి నడిచాడు. గుమ్మం దాటాక లోపలికి వినబడింది, "పాదం కింద పోగులున్నయ్ తల్లీ, దులుపు" అని. ఆరాధన అయ్యాక అయ్యగారు దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యేశారు. తిడతారేమోనని నేను కాస్త వెనక్కి జరిగాను. "మా అమ్మగారి మిషన్ కూడ అలిగింది. ఎప్పుడు చూస్తరు?" అన్నారు.

చివరిదాకా ఆయన అలాగే ఉన్నాడు. జబ్బు వచ్చింది, ఎక్కువ రోజులు బాధపెట్టలేదు. అప్పటికి మా జిరాక్సు కొట్టు మూతపడి, నేను హుమ్నాబాద్‌లో ఒక గోదాము పనికి కుదిరాను. పొద్దున పోతే మాపటికి వచ్చేవాణ్ణి. ఆయన పోయాక ఇంట్లో పెట్టిన ప్రార్థనకు వెళ్లాను. ఫొటో ముందు ఆయన ఫోను పెట్టి ఉంది, చీలిన అద్దం మీద ఒక కొత్త సూది. ఫోను ఆ సాయంత్రం మోగలేదు. ఇక అయిపోయిందిలే అనుకుని ఇంటికి వచ్చాను.

బస్సు గతుకులో పడి లేచింది. ముందు సీట్లో వీడియో చివరికొచ్చింది. పలక మీద నంబరు, ఆ నవ్వు. నేను ముందుకు వంగాను.

"అమ్మా, ఈయన మీకు తెలుసా?"

"తెల్వకపోవుడేంది, మా మామనే" అందామె. "మా ఊరికైతే ఎన్నడు రాలే. గని చూడుండ్రి, నా మొఖం చూసుకుంటనే చెప్తడు."

బియ్యంలో రాళ్లు ఏరుకుంటున్న మనిషిని చూసి చెప్తున్నాడమ్మా అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఆమె అప్పటికే పలక మీది నంబరు నొక్కుతోంది.

"అమ్మా, ఆయన..." అన్నాను.

"ఎరికే సారూ. పోయిండు. గిప్పుడు అక్క ఎత్తుతది."

బస్సు చప్పుడుకు వినబడదని స్పీకరు పెట్టింది. రెండు రింగులు కాకుండానే అవతల ఎత్తారు.

"ఆ, చెప్పు బిడ్డా." వదిన గొంతు. వెనకాల చేటలో బియ్యం ఎగరేసే చప్పుడు.

"అక్కా, దారం ఉచ్చులు పడుతున్నయ్."

"మీదనా, కిందనా?"

"కింద."

"పాదం దించి దారం ఎక్కిచ్చినవు నువ్వు. పాదం ఎత్తి మళ్ల ఎక్కియ్యి. ఏది, ఇనిపియ్యి."

"బస్సులున్న అక్కా. ఇంటికి పోయి చేస్త."

"మరి గట్ల చెప్పు. నడిచినంక చెయ్యి. చేతులు తుడుచుకో ముందుగాల."

హుమ్నాబాద్‌లో దిగాను. పనికి ఇంకా కాస్త సమయం ఉంది. బస్టాండు బయట చాయ్ తీసుకొని, అలవాటైన వేలితో ఆ పాత నంబరు నొక్కాను. లైను బిజీగా ఉంది. చాయ్ సాసర్లో పోసుకొని, మెల్లగా తాగి, మళ్లీ నొక్కాను.

బిజీ.